మూడో పంట

చెంచమ్మ నడుము ఎక్స్-రేలో రెండు వెన్నుపూసల మధ్య ఒక దవడపన్ను కనిపించింది.

డాక్టర్ సువర్చల ముందు నమ్మలేదు. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయని టెక్నీషియన్‌ను కసిరి, మనిషిని పక్కకు తిప్పించి మళ్ళీ తీయించింది. ఈసారి ఇంకా స్పష్టంగా వచ్చింది. తెల్లటి తల, కింద రెండు పంటి వేళ్ళు. చిగుళ్ళలోకి దిగినట్టే ఆ వేళ్ళు వెన్నుపాము వైపు దిగుతున్నాయి.

"ఏందమ్మా, రెండోసారి తీస్తా ఉండారు. మొదటి ఫొటోలో కళ్ళు మూసుకున్నానా?" అంది బల్ల మీద పడుకున్న చెంచమ్మ.

సువర్చలకు నవ్వు రాలేదు. కాళ్ళు మొద్దుబారాయని, నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలియడం లేదని ఊరివాళ్ళు ఆమెను ఆటోలో వేసుకొచ్చారు. సువర్చల గుండుసూదితో ఆమె అరికాలు గుచ్చి చూసింది. చెంచమ్మ పైకప్పు వైపు చూస్తూ కబుర్లు చెబుతూనే ఉంది.

చెంచమ్మది తుమ్మలకుంట. ఒంగోలుకు పడమట, బోరు నీళ్ళ నిండా ఫ్లోరైడ్ ఉన్న ఊరు. అక్కడివాళ్ళకు నడివయసు రాకముందే పళ్ళు గోధుమరంగు తిరిగి, పెచ్చులు లేచి, ఊడిపోతాయి. అందుకే 'మొలక' మందును మనుషుల మీద పరీక్షించడానికి ఆ ఊరిని ఎంచారు. నోట్లో పళ్ళు లేని ఆడవాళ్ళు ఆరుగురు ముందుకొచ్చారు.

ఆ మందు ఏం చేస్తుందో మొదటిరోజు చెట్టు కింద కూర్చోబెట్టి చెప్పింది సువర్చలే. పాలపళ్ళు ఒక పంట, తర్వాతవి రెండో పంట. చిగుళ్ళ అడుగున మూడో పంట విత్తనాలు కూడా ఉంటాయి, కానీ ఒంట్లోనే పుట్టే ఒక పదార్థం వాటిని జన్మంతా నిద్రపుచ్చుతుంది. మొలక ఆ పదార్థం నోరు నొక్కేస్తుంది. అంతే, విత్తనాలు లేస్తాయి.

"మూడో పంటా? మాకు ఒక్క పంటకే నీళ్ళు లేవే," అంది అప్పుడు చెంచమ్మ. అందరూ బోసినోళ్ళతో నవ్వారు.

మందు పనిచేసింది. కొన్నాళ్ళకే ఆరుగురి నోళ్ళలోనూ మల్లెమొగ్గల్లాంటి పళ్ళు వచ్చాయి. పత్రికలవాళ్ళు వచ్చి, చెరుకుగడలు ఇచ్చి కొరికించి ఫొటోలు తీసుకున్నారు. ఇప్పుడా విత్తనాల్లో ఒకటి నెత్తుటిలో పడి కొట్టుకుపోయి, దొరికినచోట మొలిచింది. చెంచమ్మను వార్డులో పడుకోబెట్టించి, ఆ ఫిల్ము పట్టుకుని సువర్చల మేడ మీదికి పరిగెత్తింది.

మేడ మీద గదిలో ఉండేది ప్రొఫెసర్ తాళ్ళూరి భుజంగరావు. పరిశోధనాలయానికి అధిపతి, మొలకను కనిపెట్టినవాడు, సువర్చలకు మామగారు. ఆయన ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. పుట్టుకతో వచ్చిన గడ్డ కూడా ఇలాగే కనబడొచ్చన్నాడు. ఒక్క కేసును పట్టుకుని కంగారుపడితే, ఢిల్లీ నుంచి తనిఖీకి వచ్చే బృందం మొత్తం పరీక్షనే మూసేస్తుందన్నాడు. వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా ఆగమన్నాడు.

పిచ్చమ్మ క్యాన్సరుతో పోగా మిగిలిన నలుగురికీ ఎక్స్-రేలు తీద్దామంది సువర్చల. అవసరం లేదన్నాడు. ఈ పరీక్షకు ఒక గట్టి నియమం ఉంది. దవడ కాకుండా ఒంట్లో ఇంకెక్కడైనా నొప్పి ఉందని ఒక్కరు చెప్పినా సరే, అందరికీ మందు ఆపేయాలి. నెలనెలా ఊరికి వెళ్ళి అడిగింది సువర్చలే. ఒక్కరూ నొప్పి మాట ఎత్తలేదు. ఆ సంగతి ఆయన గుర్తుచేశాడు.

"మరి కళ్ళెం ఎక్కడిదాకా వచ్చింది మామయ్యా?" అని అడిగింది.

కళ్ళెం అంటే మొలకకు విరుగుడు. మొలిచే పన్ను జున్నులా మెత్తగా ఉన్నప్పుడే వేస్తే దాన్ని అక్కడికక్కడే ఎండబెట్టేస్తుంది. గట్టిపడ్డాక వేస్తే పనిచేయదు.

"ఎలుకల దగ్గరే ఆగింది," అన్నాడు భుజంగరావు. "నువ్వు మాత్రం ఊరికి పోవద్దు. ఉత్తపుణ్యానికి బెదిరిపోతారు."

పరీక్ష మొదలైనప్పటి నుంచీ తుమ్మలకుంటకు వెళ్ళమని పోరుపెట్టే మనిషి ఈరోజు వద్దంటున్నాడు. ఆ ఒక్క మాటతో సువర్చల మర్నాడు పొద్దున్నే బయలుదేరింది.

తుమ్మలకుంటలో మొదటి ఇల్లు మాలకొండమ్మది. ఆరుగురిలో ఆమే చిన్నది. వసారాలో కూర్చుని అత్త కాళ్ళకు కర్పూరం కలిపిన నూనె రాస్తోంది. సువర్చలను చూసి నవ్వింది. పళ్ళు మెరిశాయి. చెంచమ్మ ఎట్టా ఉందని అడిగి, జవాబు కోసం చూడకుండానే కాఫీ పెట్టమని లోపలికి కేకేసింది. సువర్చల నెలనెలా అడిగే ప్రశ్నే అడిగింది. ఎక్కడైనా నొప్పి ఉందా? లేదంది మాలకొండమ్మ, ఎప్పటిలాగే.

అంతలో ముసలామె మూలిగింది. ఏమైందని సువర్చల అడిగింది.

"ఏం లేదమ్మా, మా అత్తకు కాళ్ళ తీపులు. నూనె రాస్తే ఒక జాము నిద్రపోద్ది."

సువర్చల పుట్టి పెరిగింది నిజామాబాద్‌లో. పెళ్ళయి ఒంగోలు వచ్చాక మాట చాలావరకు మారింది గానీ, తడబడినప్పుడు పాత యాసే వస్తుంది. "కాళ్ళు తియ్యగుండుడేంది?" అంది.

మాలకొండమ్మ నూనె చేత్తోనే నోరు మూసుకుని నవ్వింది. ముసలామె కూడా నవ్వింది.

"తియ్యగా ఏందమ్మా. తీపు. ఎముకలోపల ఎవురో పట్టుకుని లాగతా ఉన్నట్టుంటది. దెబ్బ తగిలితే నొప్పంటాం. ఇది నొప్పి గాదు, తీపు."

సువర్చల చేతిలోకి వచ్చిన కాఫీ గ్లాసును కింద పెట్టేసింది. పరీక్ష మొదలైన కొత్తలో ఈ ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు అదే మాట అన్నారు. నొప్పి లేదు గానీ ఒకటే తీపు, డాక్టరమ్మా. తను విన్నది వేరు. కొత్త పళ్ళతో పాటు నాలుక నరాలు కూడా చురుకెక్కాయని, అందుకే నోరు తియ్యగా ఉంటోందని అర్థం చేసుకుంది. అది ఏ హానీ లేని సంగతి. పైగా సంతోషించింది.

ముందుకు వంగి అడిగింది. "మాలకొండమ్మా, ఆ తీపు నీకుందా?"

"ఉందిగదా. అప్పుడే చెప్పాంగదా మీకు."

"ఎక్కడ?"

మాలకొండమ్మ భుజం చూపించింది. తర్వాత తుంటి. తర్వాత చెవి వెనక పుర్రె మీద వేలు పెట్టింది.

"మళ్ళీ ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరే మంచిదన్నారు గదా." మాలకొండమ్మకు ఆ ప్రశ్న వింతగా తోచింది. "మందు పనిచేస్తా ఉందన్నమాట, అట్టనే ఉండాలన్నారు. ఇంక మేం ఒకరికొకరం గూడా చెప్పుకోలా. ఓర్చుకున్నాం. ఓర్చుకోలేమంటే మీరు మందు ఆపేస్తారని భయం గూడా. మా చెంచమ్మక్క అయితే, ఎంత తీపుంటే అన్ని పళ్ళే అని ఎగతాళి చేసేది."

సువర్చల ముఖం చూసి మాలకొండమ్మ మెల్లగా ఆ నూనెచేతిని చీరకు తుడుచుకుంది. తన చెవి వెనక మళ్ళీ ఒకసారి తడుముకుంది.

సువర్చలకు ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ మాట అన్నరోజు భుజంగరావు పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఆయన పుట్టింది ఇక్కడికి రెండు ఊళ్ళ అవతల. తీపంటే ఏమిటో ఆయనకు తెలియకపోవడమన్నది లేదు. అయినా కోడలు ఆ ఆడవాళ్ళతో 'మంచిదేనమ్మా' అంటుంటే తల ఊపాడు.

పెద్దాయన మళ్ళీ వచ్చాడా అని అడిగింది. వస్తూనే ఉన్నాడంది మాలకొండమ్మ. మీరు వచ్చిపోయాక వారానికోసారి ఆయనే కారేసుకుని వచ్చి బలం సూదని వేసి పోతాడు, మీకు తెలుసనుకున్నాం అంది. ఆ సూది ఒంటికి సరిపడనిది పిచ్చమ్మకే. ముందు కొత్త పళ్ళు జలజలా రాలిపోయాయి, తర్వాత దవడ నల్లబడింది, తర్వాత మనిషే పోయింది. క్యాన్సరన్నారు. పెద్దాయనే దగ్గరుండి దహనం చేయించాడు. పిచ్చమ్మ జబ్బు పడినప్పుడు తనను హైదరాబాద్‌లో సదస్సుకు పంపింది ఎందుకో సువర్చలకు ఇప్పుడు అర్థమైంది.

మిగిలిన నలుగురినీ వ్యానులో ఎక్కించుకుని ఒంగోలు తీసుకొచ్చింది. పరిశోధనాలయానికి కాదు, ఊరి చివర తన స్నేహితురాలు నడిపే స్కానింగ్ సెంటరుకు. ఒక్కొక్క ఫిల్మూ వెలుగు పెట్టె మీద వరసగా పెట్టించింది.

మొదటామె తుంటిలో పన్ను ఇంకా పెరుగుతోంది, కాకపోతే నెమ్మదిగా. రెండో ఆమె మోచేతిలో సగం పెరిగి నిలిచిపోయింది. మూడో ఆమెకు పక్కటెముకలో పెంకు మాత్రమే మిగిలింది. మాలకొండమ్మ పుర్రెలో ఉన్నది ఎండిన చింతగింజలా ముడుచుకుని చచ్చిపడి ఉంది. భుజంలోదీ, తుంటిలోదీ అంతే. ఎవరో వీణ తీగను కొంచెం కొంచెంగా బిగించి చూసినట్టుంది. బిగువు ఎక్కువైనప్పుడు పిచ్చమ్మ తెగిపోయింది.

కళ్ళెం ఎలుకల దగ్గర ఆగలేదు. తుమ్మలకుంటలో మనుషుల ఒంట్లో ఉంది. చెంచమ్మకు వేసినట్టు మాత్రం ఆమె ఎక్స్-రేలో ఆనవాలు లేదు.

సువర్చల ఇంటికి వచ్చేసరికి భర్త శ్రీకర్ నిలువుటద్దం ముందు సంభాషణలు వల్లెవేసుకుంటున్నాడు. బ్యాంకు ఉద్యోగం పొట్టకోసం, పౌరాణిక నాటకాలు ప్రాణం. బైకు ప్రమాదంలో ముందు పళ్ళు పోయాక త, ద, స పలకలేక, వేషం ఇచ్చేవాళ్ళు లేక ఆర్నెల్లు గది దాటలేదు. కట్టుడు పళ్ళతో రాగం తీస్తే ఈల వచ్చేది. తుమ్మలకుంట కంటే ముందే, ఏ అనుమతీ లేకుండా, తండ్రి అతనికి మొలక వేశాడు. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు. సువర్చల అప్పుడు అడ్డుచెప్పలేదు. భర్త మళ్ళీ నవ్వాడు, ఆమెకు అది చాలింది.

ఒకసారి స్కానింగుకు రమ్మంటే ఎందుకని అడిగాడు. చెప్పింది. వెంట వచ్చాడు.

అతని మెడ కింది కాలర్ ఎముకలో చింతగింజలాంటి పన్ను ఒకటి ఎండిపోయి ఉంది. పూర్తిగా, శుభ్రంగా. మాలకొండమ్మకు పడిన మోతాదే. ఆమెకు పడిన తర్వాతే ఇతనికి పడింది.

నాన్న బలానికని ఒక సూది వేశాడని శ్రీకర్ ఒప్పుకున్నాడు. ఫిల్ము వైపు చూసీ చూడనట్టు చూశాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "నందిగామలో పోటీలు వచ్చేవారమే సువర్చలా," అన్నాడు. "అయ్యేదాకా ఎవరికీ చెప్పకుండా ఉండకూడదా? వాళ్ళకెటూ జరగాల్సింది జరిగిపోయింది."

సువర్చల ఫిల్ము తీసుకుని బయటికి నడిచింది. ఆటో మాట్లాడుకుని పరిశోధనాలయానికి వెళ్ళింది. కళ్ళెం ఎక్కడుందో ఇప్పుడామెకు తెలుసు. మేడ మీద గదిలో, ఆయన తాళం తన దగ్గరే పెట్టుకునే చిన్న ఫ్రిజ్‌లో ఉండాలి. వాచ్‌మన్ చూస్తుండగానే అగ్నిమాపక గొడ్డలితో ఆ తాళం పగలగొట్టింది. ఒక్క సీసా ఉంది. దాన్ని గుడ్డలో చుట్టుకుని వార్డుకు పరిగెత్తి, వేయాల్సిన మోతాదు మాలకొండమ్మ ఒంటిని బట్టి లెక్కగట్టి, చెంచమ్మ నడుములోకి తనే ఎక్కించింది.

"బలం సూదా? మొత్తానికి నాకూ వంతొచ్చింది," అంది చెంచమ్మ.

రెండు రోజులు చూసింది. పన్ను ఆగలేదు. గుంటూరు నుంచి వచ్చిన వెన్నెముక సర్జన్ నడుము తెరిచి చూసి, ఏమీ చేయకుండానే కుట్టేసి బయటికి వచ్చాడు. ఆ వేళ్ళు వెన్నుపామును చుట్టుకుని రాయిలా గట్టిపడ్డాయన్నాడు. కోస్తే ప్రాణం పోతుందన్నాడు. కాళ్ళు ఇక రావు. పైకి కూడా కొత్తవి మొలుస్తున్నాయి, అవి ఊపిరి నరాల దాకా వెళ్ళేంతవరకే ఆమెకు టైము. ఆమెకు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. లేరంది సువర్చల.

అక్కణ్ణుంచి నేరుగా మామగారి గదికి వెళ్ళింది. భుజంగరావు పగిలిన ఫ్రిజ్ పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు. సువర్చల ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, దాన్ని దాచకుండా బల్ల మీద ఆయన ముందు పెట్టింది. సర్జన్ అన్న మాటలు చెప్పింది. అందరికీ కళ్ళెం వేసి చెంచమ్మకు ఒక్కదానికే ఎందుకు వేయలేదని అడిగింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోపం లేదు, భయం లేదు. విద్యార్థికి పాఠం చెప్పే గొంతుతోనే మొదలుపెట్టాడు.

"ఫోన్ ఉండనీ అమ్మాయ్. రెండోసారి చెప్పే ఓపిక నాకు లేదు. నువ్వు చివరి నుంచి అడుగుతున్నావ్. మొదట్నుంచి చెప్తాను.

"మన శ్రీకర్‌కు పళ్ళొచ్చాయి. ఈ లోకంలో నా అంత గొప్పవాడు లేడనుకున్నాను. ఒకరోజు భోజనం చేస్తూ, మెడ కింద ఎవరో లాగుతున్నట్టుంది నాన్నా అన్నాడు. అదే పూట ఎక్స్-రే తీశాను. చూశాను. చిన్నది, మెత్తగా ఉంది. ఇంకో ఏడాదికి గుండె మీదికి దిగుతుంది. కళ్ళెం నా దగ్గరుంది. కానీ ఎంత వేయాలో తెలియదు. ఎలుక లెక్క మనిషికి సరిపోదు. తక్కువైతే ఆగదు, ఎక్కువైతే దవడ ఊడిపోతుంది. నా కొడుకు మీద ఒక్కసారే వేయగలను. అది తప్పకూడదు.

"అప్పటికి తుమ్మలకుంటలో మందు మొదలుపెట్టలేదు. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి, అంతే. ఆపేయొచ్చు. నేను ఆపలేదు. నువ్వు ఇన్నాళ్ళూ అనుకుంటున్నది తప్పు. ఆ ఆరుగురికీ మొలక వేసింది పళ్ళ కోసం కాదు. వీడి జబ్బే వాళ్ళకూ రావాలి. వస్తేనే కళ్ళెం వేసి చూడగలను. అందుకని జబ్బు తెప్పించాను. పళ్ళు రావడం పైన వచ్చిన లాభం.

"నిన్ను పంపింది కూడా అందుకే. మొదటిరోజే కనిపెట్టాను, తీపంటే నీకు తెలియదని. ఒంగోలు పిల్ల ఎవర్ని పంపినా మొదటి నెలలోనే పట్టేసేది. నువ్వు మంచిదేనమ్మా అన్నావ్. నేను చెబితే వాళ్ళు నమ్మేవాళ్ళో కాదో. నువ్వు చెప్పావు కాబట్టి నోరు మూసుకుని ఓర్చుకున్నారు.

"పిచ్చమ్మ దగ్గర ఎక్కువైంది. పొరపాటు. ఆ పొరపాటు వల్లే దాటకూడని గీత ఎక్కడో తెలిసింది. మాలకొండమ్మ దగ్గర సరిగ్గా కుదిరింది. ఆ సాయంత్రమే వచ్చి వీడికి వేశాను. నువ్వు వంటింట్లో ఉన్నావ్.

"ఇక చెంచమ్మ. నీకు సైన్సు తెలుసు, అడగాల్సిన పనే లేదు. కళ్ళెం వేసినవాళ్ళలో పన్ను ఆగింది. ఆపింది కళ్ళెమేనా, లేక కొన్నాళ్ళకు దానంతట అదే ఆగుతుందా? ఎలా తెలుస్తుంది? ఒకరికి ఏమీ వేయకుండా వదిలిపెట్టాలి. వదిలిపెట్టి చివరిదాకా చూడాలి. లేకపోతే వీడి విషయంలో నాకు జన్మంతా అనుమానమే.

"ఎవర్ని వదలాలి అని ఒక పూటంతా ఆలోచించాను. మాలకొండమ్మకు మొగుడున్నాడు. తతిమ్మావాళ్ళకు కొడుకులున్నారు, తమ్ముళ్ళున్నారు. వాళ్ళకేమైనా అయితే నలుగురొచ్చి నిలబడి అడుగుతారు. చెంచమ్మకు ఎవరూ లేరు. నేను వెళ్తే మంచం వాల్చి, అన్నా కూర్చో అనేది. అందరికీ సూది వేసి ఆమెను దాటుకుని పోతుంటే ఒక్కసారి కూడా నాకేదీ అని అడగలేదు. అన్న ఎందుకు వేయలేదో అన్నకు తెలియదా అనుకునేది. అందుకే ఆమెను ఎంచాను. ఇంకెవరైనా అడిగేవాళ్ళు."